కొండ మీద లైట్లు ఎందుకు నడుస్తాయి? చాట్‌బాట్, అమ్మానాన్న, పిల్లల మాటలు

మా ఇంటి మిద్దె మీద నుంచి రాత్రిపూట చూస్తే తిరుమల ఘాట్ రోడ్డు లైట్లు కనిపిస్తాయి. వాటి మధ్య బస్సుల లైట్లు, కార్ల లైట్లు మెల్లగా కదులుతుంటాయి. పోయిన ఎండాకాలంలో ఒక రాత్రి కరెంటు పోయి అందరం మిద్దె ఎక్కాం. మా ఐదేళ్ల పాప నా ఫోన్ తీసుకుని, కొండ వైపు వేలు చూపిస్తూ అందులోని చాట్‌బాట్‌ను అడిగింది: "ఆ లైట్లు ఎందుకు నడస్తా ఉండాయి?"

ఫోన్ చక్కటి గొంతుతో జవాబు చెప్పింది. లైట్లు నడవవంది, విద్యుత్తుతో వెలుగుతాయంది, పాత బల్బుకూ ఎల్‌ఈడీకీ తేడా చెప్పడం మొదలుపెట్టింది. మూడో వాక్యానికే పాప ఫోన్ నా ఒళ్లో పడేసింది. పక్కన చాప మీద పడుకున్న మా అత్తమ్మ అంది: "అవి కొండకు పోయే బస్సులు కదమ్మా. నువ్వు గూడా పోయింటివి కదా. మలుపులు తిరగతా ఉంటే నా ఒళ్లో వాంతి చేసుకుంటివి, గుర్తుందా?"

అంతే, పాప మాటలకు కట్ట తెగింది. ఆ రోజు గౌను తడిసిందనీ, అవ్వ కొంగుతో తుడిచిందనీ, కండక్టర్ నిమ్మకాయ ఇచ్చాడనీ చెప్పింది. ఇప్పుడు ఆ పైన పోయే బస్సులో కూడా ఒక పాప ఉంటుందా, ఆ పాపకు నిమ్మకాయ ఎవరిస్తారు అని అడిగింది. కరెంటు వచ్చాక కూడా ఇద్దరూ కిందికి దిగలేదు.

చాట్‌బాట్ చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. కానీ పాప వేలు ఎటు చూపిస్తోందో దానికి తెలియదు. ఆ పిల్ల బస్సులో వాంతి చేసుకున్న సంగతీ తెలియదు. మా అత్తమ్మకు ఎల్‌ఈడీ గురించి తెలియకపోవచ్చు గానీ, ఈ రెండూ తెలుసు. పిల్లలకు భాష రావడంలో చాట్‌బాట్ ఎంతవరకు పనికొస్తుందనే ప్రశ్నకు ఈ తేడా దగ్గరే జవాబు వెతకాలని నాకనిపిస్తుంది.

బడి గేటు దగ్గర తల్లులు కలిసినప్పుడు ఈ మధ్య ఇదే మాట. "మాకు ఇంగ్లిష్ రాదు, ఫోన్‌లో దీంతో మాట్లాడిస్తే పిల్లోడికి వస్తుందంట కదా?" అని ఒకరంటారు. "తెలుగే కూడబలుక్కుని చదువుతున్నాడు, ఇది చదివిస్తుందా?" అని ఇంకొకరు. "ఫోన్ చేతికిస్తే ఉన్న మాటలు కూడా పోతాయి" అని మూడో ఆమె. ముగ్గురూ చెప్పేదాంట్లో కొంత నిజం ఉంది. అసలు భాష ఎలా వస్తుంది, చాట్‌బాట్ లోపల ఏం జరుగుతుంది అనేవి విడివిడిగా చూస్తే ఆ నిజం ఎంతో తెలుస్తుంది.

ముందు భాష సంగతి. 1995లో అమెరికాలోని కాన్సస్‌లో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 42 కుటుంబాల్లో పసిపిల్లలు వినే మాటలు లెక్కపెట్టిన వివరాలు బయటపెట్టారు. పేద ఇళ్ల పిల్లలకూ కలిగిన ఇళ్ల పిల్లలకూ మధ్య, బడిలో చేరే వయసు రాకముందే, మూడు కోట్ల మాటల తేడా ఉంటుందని వాళ్ల అంచనా. ఆ లెక్క ప్రపంచమంతా పాకింది. ‘ఎన్ని మాటలు వినిపిస్తే అంత భాష’ అనే నమ్మకం దాని నుంచే బలపడింది. ఆ నమ్మకం నిజమైతే చాట్‌బాట్‌కు మించిన గురువు ఉండదు, ఎందుకంటే అది అలసిపోకుండా రోజంతా మాట్లాడగలదు.

ఆ లెక్కకు తర్వాత రెండు వైపుల నుంచి సవరణలు వచ్చాయి. ఒకటి, 2019లో డగ్లస్ స్పెర్రీ బృందం అమెరికాలోనే ఐదు రకాల సమాజాల్లో మళ్లీ లెక్కపెట్టింది. తల్లి నేరుగా బిడ్డతో అన్న మాటలతో ఆగకుండా ఇంట్లో ఉన్న అవ్వ, అన్న, అక్క, పక్కింటివాళ్లు ఆ బిడ్డ చుట్టూ మాట్లాడిన మాటలన్నీ కలిపితే, పేద ఇల్లంటే మాటలు తక్కువ అనే సూత్రం నిలబడలేదు. ఇది చదివినప్పుడు నాకు మా అత్తగారి ఊరు గుర్తొచ్చింది. అక్కడ అరుగు మీద కూర్చుని చెనిక్కాయలు ఒలిచే నలుగురి మధ్య ఆడుకునే బిడ్డ చెవిన పడే మాటలను ఏ లెక్కలో వేయాలి?

రెండోది ఇంకా ముఖ్యం. 2003లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త సియాటిల్‌లో తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లలకు చైనా మాండరిన్ భాష వినిపించారు. ఒక గుంపు పిల్లలతో మాండరిన్ మాట్లాడే మనుషులు నేరుగా కూర్చుని 12 సార్లు ఆడారు, పుస్తకాలు చదివారు. ఇంకో గుంపుకు ఆ మనుషులే, ఆ మాటలే వీడియోలో. మరో గుంపుకు గొంతు మాత్రమే. మనిషితో కూర్చున్న పిల్లలు ఆ భాషలోని ధ్వనుల తేడాను పట్టుకున్నారు. వీడియో చూసిన పిల్లలకూ, ఆడియో విన్న పిల్లలకూ ఏమీ రాలేదు. అన్ని గుంపులకూ అందిన మాటలు ఒకే రకం. మిగిలిన గుంపులకు లేనిది ఎదురుగా ఒక మనిషి.

2018లో రేచల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు 36 మందిని తీసుకుని, ఇంట్లో వాళ్ల మాటలు రికార్డు చేసి, తర్వాత వాళ్లు కథ వింటున్నప్పుడు మెదడును స్కాన్ చేసింది. పిల్లలు విన్న మాటల సంఖ్య కంటే, పెద్దవాళ్లు ఒక మాట, పిల్లలు ఒక మాటగా ఎన్నిసార్లు ఇచ్చిపుచ్చుకున్నారన్న దానికే మెదడులోని భాషా భాగం పనితో బలమైన సంబంధం కనిపించింది. తల్లిదండ్రుల సంపాదన ఎంతైనా ఈ సంబంధం అలాగే ఉంది.

మనకిది కొత్త సంగతి కాదు. కథ చెప్పేటప్పుడు పిల్లలను ఊఁ కొట్టమంటాం. ఊఁ ఆగిపోతే కథ ఆపేస్తాం. పిల్ల మధ్యలో "ఎందుకు?" అంటే కథ దారి మారుస్తాం. ఊఁ కొట్టించుకోవడమంటే మాట వెళ్లి చేరిందో లేదో ప్రతి వాక్యానికీ చూసుకోవడమే. ఫోన్‌లో కథ పెట్టి వదిలేస్తే పిల్ల నిద్రపోయినా అది చెబుతూనే ఉంటుంది.

తెలుగులో ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. మన భాషలో ఎవరితో, ఎవరి గురించి మాట్లాడుతున్నామో తెలియకుండా చాలా క్రియలు పలకలేం. ‘రా’ అనాలా, ‘రండి’ అనాలా? వచ్చాడా, వచ్చారా? పక్కింటి తాతను పాప "నువ్వు రా" అని పిలిచినప్పుడు, "తాతను అట్ల అనకూడదు, రండి అనాలి" అని ఎవరో ఒకరు దిద్దుతారు. తాత నవ్వుతాడు, పాప సిగ్గుపడుతుంది, ఆ మాట గుర్తుండిపోతుంది. అత్త ఎవరో, పిన్ని ఎవరో, మేనమామను ఎలా పిలవాలో కూడా ఇలాగే వస్తాయి. చాట్‌బాట్‌ను ఎలా పిలిచినా అది బాధపడదు, నవ్వదు. అది వరస లేని మనిషి. వరస లేకుండా తెలుగు నేర్చుకుంటే సగం వ్యాకరణం రానట్టే.

ఇక చాట్‌బాట్ లోపలి సంగతి. ఫోన్‌తో గొంతుతో మాట్లాడినప్పుడు చాలావరకు మూడు పనులు వరసగా జరుగుతాయి. మొదట గొంతును అక్షరాలుగా మారుస్తుంది. తర్వాత ఆ అక్షరాలను చూసి, తాను చదివిన కోట్లాది పేజీల నుంచి నేర్చుకున్న పద్ధతిలో, ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావచ్చో లెక్కగట్టి జవాబు అల్లుతుంది. చివర ఆ జవాబును గొంతుగా మారుస్తుంది. ఐదేళ్ల పిల్ల, అదీ మన చిత్తూరు వైపు మాట మాట్లాడే పిల్ల, మొదటి మెట్టు దగ్గరే ఇబ్బందిలో పడుతుంది.

పిల్లల గొంతు నాళం చిన్నది, స్వరం హెచ్చు. పెద్దవాళ్ల గొంతులతో తర్ఫీదైన యంత్రానికి ఆ ధ్వనులు వేరే చోట పడతాయి. పైగా చిన్నపిల్లలు ‘ర’ను ‘ల’ అంటారు, ‘స’ను ‘చ’ అంటారు, మాట మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెడతారు. యంత్రం తనకు తెలిసిన మాటల్లో దగ్గరగా ఉన్నదాన్ని రాసేస్తుంది. ఆ మాట తప్పని రెండో మెట్టుకు తెలియదు కాబట్టి, దాని మీదే అనర్గళంగా జవాబిస్తుంది. మనమైతే "ఏందీ? మళ్లీ చెప్పు" అంటాం. పిల్ల ఇంకోలా చెప్పడానికి ప్రయత్నిస్తుంది, అక్కడే భాష పెరుగుతుంది. ఆ ‘ఏందీ’ చాలాసార్లు యంత్రం నోట రాదు.

రెండో మెట్టు దగ్గర ఇంకో సమస్య. జవాబు అల్లే ఆ యంత్రాలు చదివిన తెలుగు చాలావరకు రాత తెలుగు: వార్తలు, విజ్ఞాన సర్వస్వాలు, అనువాదాలు. మన యాస రాతలోకి ఎక్కింది తక్కువ. ఒకరోజు వంటింట్లో పాప "ఎర్రగడ్డ కోస్తే కండ్లు ఎందుకు మండతాయి?" అని అడిగితే, చాట్‌బాట్ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ ప్రాంతం గురించి చెప్పుకుపోయింది. నేను ‘ఉల్లిపాయ’ అని మార్చి అడిగాక సరైన జవాబే ఇచ్చింది. కానీ ఆ క్షణంలో పాప నా వైపు చూసి, "ఎర్రగడ్డ అనకూడదా అమ్మా?" అంది. ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. తప్పుడు జవాబు దిద్దుకోవచ్చు. మన ఇంటి మాటే తప్పేమోనని పిల్లకు అనిపిస్తే, అది దిద్దడం అంత తేలిక కాదు. రెండు మాటలూ ఉన్నాయని, అవ్వ ఎర్రగడ్డ అంటుందని, పుస్తకంలో ఉల్లిపాయ అని ఉంటుందని, రెండూ మనవేనని చెప్పాను. మా అత్తమ్మ ఒక పొడుపుకథ కట్టింది: "పొర మీద పొర, విప్పితే కన్నీటి ధార." పాప ఆ వారమంతా దాన్ని ఇంటికొచ్చిన వాళ్లందరినీ అడిగింది.

అలాగని పిల్లలు నేరుగా యంత్రంతో మాట్లాడటం వల్ల ప్రయోజనమే లేదనను. గట్టిగా చదవడం అలవాటు చేయడానికి అది బాగా పనికొస్తుంది. గూగుల్ 2019లో ‘బోలో’ పేరుతో మొదలుపెట్టి తర్వాత ‘రీడ్ అలాంగ్’గా మార్చిన యాప్‌లో తెలుగు కూడా ఉంది. పిల్ల చదువుతుంటే దియా అనే బొమ్మ వింటుంది, తడబడిన మాట దగ్గర సాయం చేస్తుంది. ఇక్కడ తెర మీద ఏ వాక్యం ఉందో యంత్రానికి ముందే తెలుసు కాబట్టి పని తేలిక. పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. ఈ పరిస్థితిలో పక్కన కూర్చుని వినే ఓపిక ఉన్న ఏ సాధనాన్నీ తోసిపుచ్చలేం.

అమెరికాలో యింగ్ షూ బృందం కథ చదువుతూ మధ్యమధ్యలో ప్రశ్నలడిగే యంత్రాన్ని తయారుచేసి పరీక్షించింది. కథను అర్థం చేసుకోవడంలో పిల్లలకు దాదాపు మనిషితో చదివినంత లాభమే కలిగింది. అయితే మనిషితో చదివిన పిల్లల జవాబులు పెద్దవిగా, రకరకాల మాటలతో ఉన్నాయి. ఇంకో సంగతి మరచిపోకూడదు. ఆ యంత్రంలోని ప్రశ్నలు పిల్లల కోసం జాగ్రత్తగా ముందే రాసినవి. మన ఫోన్‌లో ఉండే, ఏదడిగినా చెప్పే చాట్‌బాట్ అలాంటిది కాదు.

ఇన్నీ చూశాక నేను చేరుకున్న అభిప్రాయం ఒకటే. ఇంట్లో చాట్‌బాట్‌తో మాట్లాడాల్సింది పిల్ల కంటే ముందు మనం. పిల్లతో ఏం మాట్లాడాలో తోచనప్పుడు, అలసిపోయి ఇంటికొచ్చినప్పుడు, రెండు నిమిషాలు దాన్ని అడిగి, ఫోన్ పక్కన పెట్టేసి, మిగతా ఇరవై నిమిషాలు మనమే మాట్లాడాలి.

తల్లిదండ్రులను కదిలిస్తే పిల్లల చదువు కదులుతుందనడానికి ఆధారాలున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2013-14 విద్యా సంవత్సరంలో బెంజమిన్ యార్క్, సుసానా లోబ్ అనే పరిశోధకులు నాలుగేళ్ల పిల్లల తల్లిదండ్రులకు వారానికి మూడు మెసేజ్‌ల చొప్పున పంపారు. ఒక్కొక్కటి చిన్నది, ఆ రోజే ఇంట్లో చేయగలిగిన పని చెప్పేది. ఆ ఇళ్లలో పిల్లలతో చదివే పనులు పెరిగాయి, పిల్లల తొలి అక్షర నైపుణ్యాలూ మెరుగుపడ్డాయి. కోవిడ్ సమయంలో బోట్స్వానాలో లెక్కల విషయంలో ఇలాంటి ప్రయత్నమే చేస్తే, ఎస్సెమ్మెస్ ఒక్కటే అందిన ఇళ్లలో చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. దానికి తోడు వారానికోసారి టీచర్ ఫోన్ చేసి తల్లితో, పిల్లతో మాట్లాడిన ఇళ్లలో వచ్చింది. సలహా ఎవరైనా ఇవ్వొచ్చు, అది ఒక మనిషి గొంతులోకి మారాలి.

నేను అడిగే పద్ధతి చెబుతాను. టైప్ చేయను, గొంతుతోనే అడుగుతాను: "మా పాపకు ఐదేళ్లు. ఈ రోజు లారీల నిండా తోతాపురి మామిడికాయలు పోతుంటే చూసింది. అన్నం తినేటప్పుడు అడగడానికి మూడు ప్రశ్నలు చెప్పు." మొదట వచ్చిన ప్రశ్న, "మామిడి పండు యొక్క రంగు ఏమిటి?" అని. ఇందులో రెండు లోపాలున్నాయి. ఆ ‘యొక్క’ను మన ఇళ్లలో ఎవరూ అనరు. అంతకంటే పెద్దది, జవాబు నాకు ముందే తెలుసు, పాపకూ ఆ సంగతి తెలుసు. అది పరీక్ష. పరీక్షకు పిల్లలు ఒక్క మాటతో జవాబిచ్చి ఊరుకుంటారు. అప్పుడు మళ్లీ చెప్పాను: "జవాబు నాకు తెలియని ప్రశ్నలు కావాలి. అవును, కాదు అని తేలిపోయేవి వద్దు. ఎనిమిది మాటలు దాటకూడదు. ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పు." ఈసారి, "ఆ కాయలన్నీ ఎక్కడికి పోతాయనుకుంటున్నావు?" అనే ప్రశ్న వచ్చింది. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి మా సంభాషణ లారీ నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి జ్యూస్ డబ్బాకు, డబ్బా మీది అక్షరాలకు పోయింది. అక్షరాల దగ్గరికి మేం వెళ్లలేదు, పాపే తీసుకుపోయింది.

పిల్ల ఒక మాట అన్నాక ఏం చేయాలన్నదానికి పాత పద్ధతి ఒకటుంది. గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే పరిశోధకుడు 1988లో, తల్లిదండ్రులు పుస్తకం చదివే తీరు నెల రోజులు మార్చితేనే పిల్లల మాటలో తేడా వస్తుందని చూపించారు. ఆయన బృందం నేర్పింది ఇంతే: అడగాలి, పిల్ల జవాబును మెచ్చుకోవాలో సరిచేయాలో చూడాలి, దానికి కొంచెం కలిపి తిరిగి చెప్పాలి, పిల్లతో ఇంకోసారి అనిపించాలి. పాప "బస్సు పోతాంది" అంటే, నేను "అవును, ఎర్ర బస్సు కొండకు పోతాంది" అంటాను. ఆమె "ఎర్ర బస్సు కొండకు పోతాంది, నిండా మనుషులుండారు" అంటుంది. తన మాటకు రెండు మాటలు నేను కలిపితే, ఆమె ఇంకో రెండు కలుపుతుంది. కథల కొరత ఉంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచి తెలుగు కథలు ఉచితంగా దొరుకుతున్నాయి. చాట్‌బాట్ అల్లే కథల కంటే నేను వాటినే నమ్ముతాను. శ్రీకాళహస్తి పేరు వెనుక కథ చెప్పమని ఒకసారి చాట్‌బాట్‌ను అడిగితే సాలెపురుగు, పాము వచ్చాయి గానీ ఏనుగు బదులు ఆవు వచ్చింది. ‘హస్తి’ అంటే ఏనుగని మాకు తెలుసు కాబట్టి సరిపోయింది. తెలియని కథల్లో ఏ ఆవు వచ్చిందో ఎలా పట్టుకుంటాం?

ఇంగ్లిష్ గురించి అడిగిన ఆ తల్లికి నేను చెప్పింది వేరు. జిమ్ కమిన్స్ అనే భాషావేత్త 1979 నుంచి వాదిస్తున్నది ఏమిటంటే, ఒక భాషలో గట్టిపడిన ఆలోచన, కథ చెప్పే నేర్పు, కారణాలు వివరించే అలవాటు రెండో భాషలోకి పోతాయి. వచ్చీరాని ఇంగ్లిష్‌లో నాలుగు మాటలు అనే బదులు, తనకు బాగా వచ్చిన భాషలో నలభై మాటలు మాట్లాడే అమ్మే పిల్లకు ఎక్కువ ఇస్తుంది. నగరి, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడి, బడిలో తెలుగు, ఇంగ్లిష్ చదివే పిల్లలు ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ఇళ్లలో కూడా అవ్వ తమిళంలో చెప్పే కథను ఆపకూడదు. ఆ కథలోని ఒక మాటను తెలుగులో, ఇంగ్లిష్‌లో ఏమంటారో చాట్‌బాట్‌ను అడిగి చెప్పడం మాత్రం మంచి పని. ఆ పని అది బాగా చేస్తుంది.

చదువు రాని తల్లిదండ్రులకు కూడా ఈ పద్ధతి అందుతుంది, గొంతుతో అడిగి గొంతుతో వినొచ్చు కాబట్టి. వయసు చిక్కూ దీంతో తీరుతుంది. చాట్‌జీపీటీ 13 ఏళ్లలోపు పిల్లలకు కాదని దాని నిబంధనలే చెబుతాయి. తరగతి గదిలో ఇలాంటి వాటికి 13 ఏళ్ల కనీస వయసు ఉండాలని యునెస్కో 2023లో సూచించింది. అదే ఏడాది వచ్చిన మన డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. అడిగేది మనమైతే పిల్ల గొంతు ఎవరి దగ్గరికీ పోదు. మనం అడిగేటప్పుడు కూడా పిల్ల పేరు, బడి పేరు, ఫొటో ఇవ్వనక్కర్లేదు. వయసు చెబితే చాలు.

ఈ ఏడాది గంగమ్మ జాతరకు వారం ముందు, జాతర వేషాల గురించి పాపను ఏం అడగొచ్చని చాట్‌బాట్‌ను అడిగాను. ఒళ్లంతా తెల్ల సుద్ద పూసుకునే బైరాగి వేషం సంగతి దానికి సరిగా తెలియలేదు. కానీ ఒక మంచి ప్రశ్న ఇచ్చింది: "వేషం వేసుకున్నాక నువ్వు వేరే మనిషివి అవుతావా?" రాత్రి మిద్దె మీద పాపను అడిగాను. చాలాసేపు ఆలోచించింది. తర్వాత నన్ను వదిలేసి అత్తమ్మ వైపు తిరిగింది.

"అవ్వా, నీకు చిన్నప్పుడు ఏం వేషం ఏసినారు?"

"అదొక పెద్ద కత. ఊఁ కొడితేనే చెప్తా" అంది మా అత్తమ్మ.

పాప చాప మీద ఆమె పక్కన చేరి, కొండ మీది లైట్ల వైపు చూస్తూ "ఊఁ" అంది.